మా బావ రిపేర్ చేయలేకపోయిన బోర్డు: పీసీబీ ఫుట్‌ప్రింట్లు ఎలా గీయాలి?

ముందుగా నా చేతిలో ఉన్న ఈ బోర్డు చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతాను. ఈ మూల మాడిపోయి నల్లగా కనిపిస్తోంది కదా. దాని పక్కనే నీలం రంగు రిలే ఒకటుంది, దాని ప్లాస్టిక్ కరిగి ఒక వైపుకి వంగిపోయింది. మధ్యలో ఉండాల్సిన చిప్ లేదు, దాని కింద రాగి ప్యాడ్లు రెండు లేచి వచ్చేసాయి. ఈ బోర్డు డిజైన్ చేసింది నేను, మాడ్చింది మా బావ. తప్పు మాత్రం పూర్తిగా నాదే. ఆ తప్పేంటో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

కథ చిన్నగా చెప్తాను. మా అక్క వాళ్లది నర్సరావుపేట దగ్గర ఒక పల్లె. బావకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్ కాలిపోతే ఆయన దగ్గరికే వస్తారు. ఫోన్ చేస్తే మోటార్ ఆన్ అయ్యే మొబైల్ స్టార్టర్లు మార్కెట్లో చాలా ఉన్నాయి, మీలో రైతుల ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లకి తెలిసే ఉంటుంది. బావ కంప్లైంట్ ఏంటంటే, అవి పాడైతే ఆయన బాగు చేయలేకపోతున్నాడు. "ఏరా బామ్మర్దీ, ఇంజనీరు చదివావు కదా, నేను రిపేర్ చేసుకునేలా ఒకటి చేసిపెట్టరా" అన్నాడు. నేను చదివింది సీఎస్ఈ, చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పీసీబీ డిజైన్ అంతా వీడియోలు చూసి నేర్చుకున్నదే. అయినా సరే అన్నాను.

20 బోర్డులు చేయించాను. 5 సెంటీమీటర్లు ఇంటూ 5 సెంటీమీటర్లు, ముద్దుగా ఉన్నాయి. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నా కూడా. జనవరిలో, మిరపకి తడి పెట్టే టైమ్‌లో, లైన్‌లో ఏదో సర్జ్ వచ్చి ఒక బోర్డులో వోల్టేజ్ రెగ్యులేటర్ చిప్ పోయింది. చిప్ స్పేర్ బావ దగ్గర ఉంది. మార్చితే చాలు. రెండు గంటలు కుస్తీ పట్టాడు, చిప్ రాలేదు. పక్కన మొబైల్ షాపు నుంచి బ్లోయర్ తెచ్చి కొట్టాడు. చిప్ వచ్చింది, దాంతో పాటు ప్యాడ్లు వచ్చాయి, రిలే కరిగింది. బోర్డు అవుట్. నేను ఇక్కడి నుంచి కొత్తది పంపేదాకా ఆ రైతు, 60 దాటిన పెద్దాయన, తెల్లవారుజామున కరెంట్ రాగానే టార్చ్ లైట్ పట్టుకుని గట్ల మీద నడుచుకుంటూ వెళ్లి స్టార్టర్ నొక్కాల్సి వచ్చింది. చేల గట్ల మీద చీకట్లో ఏముంటాయో నేను చెప్పక్కర్లేదు. బావ నన్ను ఒక్క మాట అనలేదు. "చిప్ కిందకి ఐరన్ దూరట్లేదు రా" అన్నాడు అంతే.

ఆ మాటలోనే మొత్తం ఉంది. సరే, ఇప్పుడు సబ్జెక్ట్‌లోకి వెళ్దాం.

ఫుట్‌ప్రింట్ అంటే ఏంటి? ఒక పార్ట్ బోర్డు మీద కూర్చోవడానికి మనం వేసే రాగి ప్యాడ్లు, రంధ్రాలు, పైన తెల్ల ఇంకుతో గీసే గీతలు, చుట్టూ వదిలే ఖాళీ, ఇవన్నీ కలిపి ఫుట్‌ప్రింట్. మొదట్లో నేను అనుకుంది, డేటాషీట్‌లో కొలతలు చూసి పార్ట్ కాలు ఎంతుందో ప్యాడ్ అంతే గీసేస్తే అయిపోయిందని. పార్ట్ అయితే కరెక్ట్‌గానే కూర్చుంటుంది. కానీ సోల్డరింగ్ ఐరన్ మొన ఎక్కడ ఆనాలి? సోల్డర్ ఎటు పారాలి? రేపు ఇది పోతే ఎటు నుంచి తీయాలి? నా బొమ్మలో వీటికి జాగానే లేదు.

దీనికి ఒక స్టాండర్డ్ ఉంది, ఐపీసీ-7351 అని. అందులో ఒకే పార్ట్‌కి మూడు సైజుల ఫుట్‌ప్రింట్లు ఉంటాయి. లెవెల్ ఏ అంటే ప్యాడ్లు పెద్దవి, లెవెల్ బీ మామూలువి, లెవెల్ సీ చిన్నవి. పార్ట్ చుట్టూ వదలాల్సిన ఖాళీని కోర్ట్‌యార్డ్ అంటారు, మన ఇంటి చుట్టూ వాకిలి లాగా. మామూలు పార్టులకి ఏ లో 0.5 మిల్లీమీటర్లు, బీ లో 0.25, సీ లో 0.1. మన ఫోన్ లోపలి బోర్డులు చూస్తే పార్టులు పెళ్లి భోజనాల బంతిలో జనం లాగా మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంటాయి. బ్యాటరీకి చోటు మిగలాలి కాబట్టి అక్కడ అది న్యాయమే. బోరు స్టార్టర్ డబ్బాలో సగం ఖాళీగా ఉన్నప్పుడు నేను సీ లెవెల్‌లో ఎందుకు గీసాను? స్టేటస్‌లో ఫోటో బాగుండాలని. నిజంగా వేరే కారణం లేదు. ఇంకో విషయం, నేను బోర్డులు చేయించిన చోట 10 ఇంటూ 10 సెంటీమీటర్ల లోపు ఏ సైజైనా ధర ఒకటే. చిన్నది చేసి నేను మిగుల్చుకున్నది సున్నా.

ఇప్పుడు ప్యాడ్ పొడవు గురించి. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, అసలు పని ఇక్కడే ఉంది.

ఒక 0805 రెసిస్టర్ తీసుకోండి. 2 మిల్లీమీటర్ల పొడవు, 1.25 వెడల్పు, ఆవగింజ సైజు అనుకోండి. (0805 అనేది అంగుళాల లెక్క. మిల్లీమీటర్ల లెక్కలో దాన్నే 2012 అంటారు. ఇక్కడ ఒక ట్రాప్ ఉంది: 0603 అనే పేరు రెండు లెక్కల్లోనూ ఉంది. అంగుళాల 0603 అంటే 1.6 ఇంటూ 0.8 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్ల 0603 అంటే 0.6 ఇంటూ 0.3, తుమ్మితే ఎగిరిపోయేది. ఆర్డర్ చేసేముందు చూసుకోండి.) ఆ రెసిస్టర్ చివర నుంచి బయటకి ప్యాడ్ ఎంత కనిపిస్తోందో ఆ భాగాన్ని టో అంటారు, కాలి బొటనవేలు అన్నమాట. ఐరన్ మొన ఆనేది అక్కడే. ఐరన్ ఒకేసారి ప్యాడ్‌కీ, పార్ట్ చివరకీ రెండిటికీ తగలాలి. అప్పుడే సోల్డర్ చక్కగా పాకుతుంది. టో లేకపోతే మొన పార్ట్‌కి మాత్రమే తగులుతుంది. ప్యాడ్ చల్లగా ఉండిపోతుంది, పైకి అతికినట్టు కనిపించి లోపల అతకదు. బోర్డు కొంచెం కదిలితే పని చేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఇలాంటి ఫాల్ట్ వెతకడం నరకం.

కాబట్టి చేత్తో సోల్డర్ చేసే బోర్డుకి ప్యాడ్‌ని బయటి వైపుకి పొడిగించాలి. లోపలి వైపుకి కాదు. లోపలికి పొడిగిస్తే సోల్డర్ పార్ట్ కిందకి చేరి, కనపడకుండా షార్ట్ చేసే ఛాన్స్ ఉంది. మీరు కీక్యాడ్ వాడుతుంటే ఈ పని వాళ్లే చేసి పెట్టారు. లైబ్రరీలో రెసిస్టర్లు, కెపాసిటర్ల పేర్ల చివర "హ్యాండ్‌సోల్డర్" అని ఉన్నవి వెతకండి. 0805 రెసిస్టర్‌కి అయితే ఆ పేరులోనే ప్యాడ్ సైజు 1.20 ఇంటూ 1.40 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. నేను రెండేళ్లు ఆ లైబ్రరీ వాడుతూ కూడా ఆ పదం ఎందుకుందో ఆలోచించలేదు.

కాళ్లు బయటకి ఉండే ఐసీలకీ ఇదే లెక్క. 0.5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న ఐసీ అయితే ఒక్కో కాలు విడిగా అతికించడం కుదరదు. ఫ్లక్స్ బాగా పూసి (మన షాపుల్లో దాన్నే పేస్ట్ అంటారు), మొన మీద కాస్త సోల్డర్ పెట్టుకుని వరస మొత్తం లాగేస్తాం. బయటకి పొడవు ప్యాడ్లు ఉంటే ఎక్కువైన సోల్డర్ అటు వెళ్లి కూర్చుంటుంది, కాళ్ల మధ్య వంతెన కట్టదు. ప్యాడ్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఆ ఆకుపచ్చ మాస్క్ సన్న గీతైనా ఉండేలా చూసుకోండి, అది లేకపోతే ఎంత ఫ్లక్స్ పూసినా లాభం లేదు.

ఇప్పుడు బావని ఏడిపించిన చిప్ దగ్గరికి వద్దాం. అది క్యూఎఫ్ఎన్ ప్యాకేజీ. కాళ్లు ఉండవు, అన్ని ప్యాడ్లూ పొట్ట కిందే. మధ్యలో ఒక పెద్ద చదరం ప్యాడ్ ఉంటుంది, వేడి బయటకి పోవడానికి. ఆ మధ్య ప్యాడ్‌ని నేను బోర్డు రెండు వైపులా ఉన్న పెద్ద గ్రౌండ్ రాగికి వయాలతో కలిపాను. డేటాషీట్ అలాగే చేయమంటుంది, చిప్ చల్లగా ఉండాలంటే అదే కరెక్ట్. కానీ చిప్ నుంచి వేడిని లాగేసే ఆ రాగే ఐరన్ నుంచి కూడా లాగేస్తుంది. బావ దగ్గర ఉన్నది 25 వాట్ల ఐరన్. దాంతో ఆ ప్యాడ్ కరిగించాలనుకోవడం అగ్గిపుల్లతో గంగాళం నీళ్లు కాచడం లాంటిది. పైగా ఫ్యాక్టరీలో వాడింది లెడ్ లేని సోల్డర్, అది 217 డిగ్రీల దాకా కరగదు. మన షాపుల్లో దొరికే 63/37 లెడ్ సోల్డర్ 183 కే కరుగుతుంది. (రిపేర్ చేసేటప్పుడు పాత జాయింట్ మీద ఈ లెడ్ సోల్డర్ కొంచెం కలిపితే మొత్తం తక్కువ వేడికే కరుగుతుంది. ఈ చిట్కా బావే నాకు చెప్పాడు.)

క్యూఎఫ్ఎన్ తప్పనిసరి అయితే ఏం చేయాలి? చుట్టూ ఉన్న ప్యాడ్లని బయటకి ఓ అర మిల్లీమీటరైనా పొడిగించండి. చేత్తోనే అతికించే బోర్డు అయితే మధ్య ప్యాడ్‌లో 2 మిల్లీమీటర్ల దాకా ఉన్న ప్లేటెడ్ రంధ్రం ఒకటి పెట్టండి. వెనక నుంచి ఐరన్ మొన ఆ రంధ్రంలో పెట్టి సోల్డర్ పోయచ్చు, తీసేటప్పుడూ అక్కడి నుంచే వేడి ఇవ్వచ్చు. అదే ఫ్యాక్టరీలో స్టెన్సిల్‌తో చేయిస్తుంటే ఆ రంధ్రం వద్దు, పేస్ట్ అంతా కిందకి జారిపోతుంది. అక్కడ ఇంకో జాగ్రత్త కావాలి. మధ్య ప్యాడ్ మొత్తానికి పేస్ట్ వేస్తే కరిగినప్పుడు చిప్ పడవలా తేలి, చుట్టూ ప్యాడ్లు అంటుకోవు. అందుకే పేస్ట్ కిటికీని నాలుగు ముక్కలుగా చేసి, ప్యాడ్ ఏరియాలో 50 నుంచి 80 శాతం దాకా మాత్రమే పడేలా చేస్తారు.

నేను మాత్రం రెండో వెర్షన్‌లో క్యూఎఫ్ఎన్‌ని పూర్తిగా వదిలేసాను. ఎల్ఎం2596 అనే పాత రెగ్యులేటర్, ఐదు కాళ్ల టీవో-220 ప్యాకేజీ. చూడటానికి పాత కాలం నాటి ఆంప్లిఫయర్ పార్ట్ లాగా ఉంటుంది. 150 కిలోహెర్ట్జ్ దగ్గర పని చేస్తుంది కాబట్టి కాయిల్ పెద్దది కావాలి, ఎఫిషియెన్సీ కూడా కొత్త చిప్‌ల కంటే తక్కువే. నా సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ నవ్వారు. కానీ పోతే తీయడం ఎలాగో చూడండి: కట్టర్‌తో ఐదు కాళ్లూ కోసేయాలి, బాడీ చేతికొస్తుంది. తర్వాత ఒక్కో కాలూ వేడి చేసి పట్టకారుతో లాగేయాలి. ప్యాడ్‌కి ఏమీ కాదు.

ఇక్కడ నేను నేర్చుకున్న లెక్క ఒకటుంది. బోర్డులో ప్రతి పార్ట్‌నీ ఈజీగా తీసేలా గీయలేం, గీయాల్సిన అవసరమూ లేదు. ఏది ముందు పోతుందో లిస్ట్ రాసుకోవాలి. నా బోర్డులో అయితే రెగ్యులేటర్, సర్జ్ ఆపే ఎంవోవీ, రిలే, వైర్లు బిగించే టెర్మినల్. వీటికి దారి వదలాలి. 10 పైసల రెసిస్టర్లు ఎలా ఉన్నా పర్లేదు. మొదటి వెర్షన్‌లో నేను రెగ్యులేటర్‌ని రిలేకీ టెర్మినల్‌కీ మధ్య సందులో పెట్టాను. బ్లోయర్ పెడితే రిలే కరగక ఏం చేస్తుంది?

గ్రౌండ్ రాగి సమస్యకి వేరే మందు కూడా ఉంది, థర్మల్ రిలీఫ్. ప్యాడ్‌ని గ్రౌండ్‌తో నిండుగా కలపకుండా, చుట్టూ గ్యాప్ వదిలి నాలుగు సన్న రాగి పుల్లలతో కలపడం. సైకిల్ చక్రం ఊహించుకోండి. కరెంట్ వెళ్తుంది, వేడి మాత్రం తొందరగా పారిపోదు. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక్క సెట్టింగ్. చిన్న కెపాసిటర్లకి కూడా ఇది ముఖ్యమే. ఒక వైపు ప్యాడ్ నిండు గ్రౌండ్‌కీ, రెండో వైపు సన్న ట్రాక్‌కీ కలిసి ఉంటే, ఓవెన్‌లో సన్న వైపు సోల్డర్ ముందు కరిగి పార్ట్‌ని తన వైపు లాగేస్తుంది. పార్ట్ ఒంటికాలి మీద నిలబడిపోతుంది. ఇంగ్లీష్ వాళ్లు దీన్ని టూంబ్‌స్టోనింగ్ అంటారు, సమాధి రాయిలా నిలబడుతుందని. అయితే ఎక్కువ కరెంట్ వెళ్లే చోట, నిజంగా వేడి బయటకి పోవాల్సిన చోట ఈ పుల్లలు పెట్టకండి.

రంధ్రాల సైజు త్వరగా చెప్పేస్తాను. మామూలు హెడర్ పిన్ 0.64 మిల్లీమీటర్ల చదరం. చదరం కదా, మూల నుంచి మూలకి కొలిస్తే 0.9 వస్తుంది. అందుకే రంధ్రం 1 మిల్లీమీటర్ పెడతారు. నేను టెర్మినల్‌కి సొంతంగా ఫుట్‌ప్రింట్ గీసి ఈ మూలల సంగతి మర్చిపోయా. 20 టెర్మినళ్ల కాళ్లు ఆకురాయితో అరగదీస్తూ ఒక ఆదివారం గడిపాను.

ఇంకో కామెడీ. రిలేని నడిపే ట్రాన్సిస్టర్ బీసీ547 అనుకుని గీసాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఆ రోజు అది లేదు, 2ఎన్3904 తెచ్చుకున్నా. రెండూ ఎన్‌పీఎన్, చూడటానికి కవల పిల్లలు. కానీ చదునుగా ఉన్న వైపు మన వైపుకి తిప్పి, కాళ్లు కిందకి పెట్టి ఎడమ నుంచి చూస్తే బీసీ547 కి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఉల్టా. తిప్పి పెడితే పని చేస్తుంది, కానీ బోర్డు మీద గీసిన డీ ఆకారం తప్పు చెప్తుంది. ఇప్పుడు నేను ఆ మూడు ప్యాడ్ల పక్కన సీ, బీ, ఈ అని అక్షరాలే రాసేస్తున్నా. ఎల్ఈడీలు, డయోడ్లకి కూడా అంతే, కేథోడ్ పక్కన కే అని రాయండి. ఎల్ఈడీ మీద ఉండే ఆకుపచ్చ చుక్క అర్థం కంపెనీని బట్టి మారుతుంది. ఐసీ పిన్ 1 గుర్తు ఐసీ పొట్ట కింద పెట్టకండి. అతికించాక కనపడదు, రిపేర్ చేసేవాడికి కావాల్సింది అతికించాకే.

బోర్డు ఆర్డర్ ఇచ్చేముందు ఒక పని తప్పకుండా చేయండి. పేపర్ మీద 100 శాతం స్కేల్‌లో ప్రింట్ తీసి, స్కేలుతో కొలిచి చూసి, పార్టులన్నీ తెచ్చి దాని మీద పెట్టి చూడండి. కొన్ని డేటాషీట్లలో బొమ్మ కింద నుంచి చూసినట్టు గీసి ఉంటుంది. అది గమనించకపోతే ఫుట్‌ప్రింట్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. పేపర్ ప్రింట్ ఖర్చు 2 రూపాయలు. బోర్డు వచ్చాక తెలిస్తే ఎంతో నన్ను అడగకండి.

యూఎస్‌బీ-సీ సాకెట్ కూడా మార్చాను. షాపులో బల్ల మీద టెస్ట్ చేయడానికి ఫోన్ ఛార్జర్ గుచ్చుకోవాలి, అంతే దాని పని. మొదట 16 పిన్నులది పెట్టాను, అనవసరంగా. డేటా అక్కర్లేనప్పుడు పవర్ మాత్రమే ఇచ్చే 6 పిన్నులది చాలు, కాళ్ల మధ్య దూరం ఎక్కువ, మామూలు ఐరన్‌తో అతుకుతుంది. సీసీ పిన్నులు రెండిటికీ చెరొక 5.1 కిలో ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి పెట్టడం మర్చిపోకండి, లేదంటే సీ-టు-సీ కేబుల్‌తో పవర్ రాదు. సాకెట్ బాడీకి రంధ్రాల్లోకి దిగే కాళ్లు ఉన్నదే కొనండి. పైపైన అతికేది నాలుగుసార్లు గుంజితే ప్యాడ్లతో సహా ఊడి వస్తుంది. ఫోన్ ఛార్జింగ్ పోర్ట్ పోయినప్పుడు ఒక ఫోన్‌కి తక్కువ, ఇంకో ఫోన్‌కి ఎక్కువ ఎందుకు అడుగుతారో మీకు డౌట్ వచ్చిందా? కొన్ని ఫోన్లలో పోర్ట్ విడి చిన్న బోర్డు మీద ఉంటుంది, స్క్రూలు విప్పి మార్చేయడమే. కొన్నిట్లో మెయిన్ బోర్డుకే అతికి ఉంటుంది. ఆ నిర్ణయం ఎవరో ఒక డిజైనర్ కంప్యూటర్ ముందు కూర్చుని తీసుకున్నదే.

ఒక హెచ్చరిక. ప్యాడ్లు పెద్దవి చేస్తే వాటి మధ్య దూరం తగ్గుతుంది. 5 వోల్ట్‌ల దగ్గర ఏం కాదు. కానీ స్టార్టర్ బోర్డులో రిలే అవతలి వైపు 415 వోల్ట్‌లు ఉంటాయి. అక్కడ ప్యాడ్ పెంచే ముందు గ్యాప్ చూడండి. అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

రెండో వెర్షన్ బోర్డు ఇదిగో. 10 ఇంటూ 8 సెంటీమీటర్లు. అందంగా లేదు, ఒప్పుకుంటా. రెగ్యులేటర్ అంచున విడిగా ఉంది, చుట్టూ ఐరన్ పట్టుకున్న చేయి తిరిగేంత ఖాళీ. మొన్న జూన్‌లో తొలకరి ఉరుములకి ఒకటి పోయింది. బావ నాకు ఫోన్ కూడా చేయలేదు. సాయంత్రం అక్క చెప్పింది, పావుగంటలో మార్చేసి రైతుకి ఇచ్చి పంపాడని.

తర్వాత బావే ఫోన్ చేసాడు, వేరే కంప్లైంట్‌తో. "నువ్వు రాసిన అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడట్లేదు రా." చూస్తే ఎత్తు 0.8 మిల్లీమీటర్లు. మూడో వెర్షన్‌లో 1.5 చేస్తున్నాను, ఫైల్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. ఆర్డర్ పెట్టేలోపు ఇంకేమైనా మార్చాలంటే కామెంట్లలో చెప్పండి. మీలో మొబైల్ రిపేర్ చేసేవాళ్లు ఉంటే ముఖ్యంగా మీరు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ బోర్డు పేపర్ ప్రింట్ మీద పార్టులు పెట్టి చూద్దాం. ఉంటాను, బై.